గడపకు సగటున ఎందరు

యుద్ధం నాలుగో ఏడు నడుస్తున్న రోజుల్లో, ఒక గురువారం ఉదయం ఏడు గంటలకు, నారాయణఖేడులో పంచాక్షరి తన దినచర్య పుస్తకం తెరిచి, ఆనాడు చేయవలసిన పనులు మూడు రాసుకున్నాడు. ఒకటి, క్షౌరం. రెండు, కుర్చీల దుమ్ము దులపడం. మూడు, తన ఇంటికి ఎవరూ రాకపోవడం లోకంలో సహజమా, లేక తన ఒక్కడికే ప్రత్యేకమా అన్నది శాస్త్రీయంగా నిర్ధారించడం.

ముప్పయి ఏళ్ళు పట్నంలో ఒక సర్కారు దఫ్తరులో పనిచేసినవాడికి మూడో పని పెద్ద కష్టంగా తోచలేదు. జిల్లాల నుంచి వచ్చే వానల లెక్క, పశువుల లెక్క, బావుల లెక్క, చావుల లెక్క కూడి, భాగించి, సగటు తీసి పైఅధికారుల ముందు పెట్టడమే ఆయన ఉద్యోగం. ఇంగ్లీషులో బి.ఏ. పట్టా ఉన్నవాడు. తప్పు సంఖ్యను చూస్తే ఆయనకు పంటి కింద రాయి తగిలినట్టుండేది. భార్య పోయి పదకొండేళ్ళు. పిల్లలు లేరు. ఉద్యోగం విరమించిన తరువాత పుట్టిన ఊళ్ళో స్థిరపడదామని బజారు వీధి చివర సొంత ప్లానుతో ఇల్లు కట్టించుకున్నాడు. వచ్చేపోయేవారి కోసం ముందు ఒక పెద్ద హాలు పెట్టించి, పట్నం నుంచి ఎనిమిది కుర్చీలు జహీరాబాదు స్టేషనుకు రప్పించి, అక్కడి నుంచి బండి మీద తెప్పించాడు. ఏడాదిన్నర అయింది. రెండు కుర్చీలకే గోనెపట్టా విప్పవలసి వచ్చింది. ఆ రెండింటిలోనూ వంతులవారీగా ఆయనే కూర్చునేవాడు, అరుగుదల సమానంగా ఉండాలని.

మొదటి నెలలో కొందరు రాకపోలేదు. ఎదురింటి బట్టల వ్యాపారి మహాదేవప్ప వచ్చి, "ఇయ్యాల అంగడికి ఊరంత వచ్చింది అప్పా" అన్నాడు. "ఊరంతా అనగా ఎందరు?" అని పంచాక్షరి అడిగాడు. మాణిక్యప్ప అనే రైతు వచ్చి, "మా జీతగానికి వెయ్యిసార్లు చెప్పిన" అని మొరపెట్టుకుంటే, విచారణ జరిపి, చెప్పింది ఏడుసార్లేనని తేల్చాడు. చన్నమ్మ అనే ఇల్లాలు తన బర్రె కడివెడు పాలిస్తుందని చెబితే, కడవ కొలత అడిగాడు. రెండో నెల నుంచి ఆ హాలులోకి గాలి తప్ప మరేదీ రాలేదు. ప్రతి సాయంత్రం ఆయన దినచర్య పుస్తకంలో 'సందర్శకులు' అన్న గడిలో ఒక సున్న పెట్టేవాడు. ఐదువందల పైచిలుకు సున్నలు అందులో కొలువుతీరి ఉన్నాయి. పంచాక్షరి సున్నలు చాలా గుండ్రంగా ఉంటాయని దఫ్తరులో పేరు.

ఎదురుగా మహాదేవప్ప దుకాణం అరుగు మీద మాత్రం పొద్దస్తమానం జనమే. బట్ట కొనేవాడు ఒకడైతే, కొనకుండా కూర్చునేవారు పదిమంది. వాళ్ళ నవ్వులు వీధి దాటి వచ్చి హాలులో ఖాళీ కుర్చీల మధ్య తిరిగి పోయేవి. అయితే ఒక్క ఇంటిని చూసి ఊరి సంగతి నిర్ణయించడం శాస్త్రానికి విరుద్ధమని పంచాక్షరికి తెలుసు. మహాదేవప్పే అసాధారణుడేమో! మిగిలిన ఊరంతా తనలాగే తలుపు వైపు చూస్తూ కూర్చుంటుందేమో! ఊరి సగటు సున్నకు దగ్గరగా ఉంటే, తనలో లోపమేమీ లేనట్టే. సగటు పెద్దదైతే... ఆ వాక్యాన్ని ఆయన పుస్తకంలో పూర్తి చేయలేదు.

ముందుగా నిర్వచనం కావాలి. ఆయన మూడుసార్లు కొట్టివేసి నాలుగోసారి ఇలా రాశాడు: 'సందర్శకుడనగా, గడప దాటి లోపల కూర్చుండి, ఒక చెంబు నీళ్ళు త్రాగునంత సేపైనా ఉండి, ఎట్టి పనియు లేక వచ్చిన వ్యక్తి. పని మీద వచ్చినవారు లెక్కకు రారు.'

ఏ ప్రశ్ననైనా ముందు ఒకరి మీద పరీక్షించి చూడాలన్నది పద్ధతి. అందుబాటులో ఉన్నది హన్మమ్మ ఒక్కతే. రోజూ తెల్లవారి వచ్చి వాకిలి ఊడ్చి, నీళ్ళు తోడి, గిన్నెలు తోమి పెట్టే యాభై ఏళ్ళ మనిషి. బిడ్డను మనూరుకు ఇచ్చింది. భర్త లేడు.

"హన్మమ్మా, నిన్న సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా నీ ఇంటికి పని లేకుండా వచ్చినవారు ఎందరు?"

హన్మమ్మ తోముతున్న గిన్నె ఆపి చూసింది. "మా ఇంటికా? నేను ఇంట్ల ఉంటే గద అప్పా వచ్చేది. నేను ఈడనే ఉంటిని."

ఈ జవాబు ప్రశ్నకు సంబంధించింది కాదని పంచాక్షరి దాన్ని పక్కన పెట్టాడు. ఆమె ఎప్పటిలాగే పని ముగించి, గడప లోపల గోడకు ఆనుకొని కూర్చొని, చెంబు నీళ్ళు తాగి, ఎవరి బర్రె ఈనిందో, ఎవరి కోడలు అలిగిందో చెప్పుకుపోయింది. ఆయన ఎప్పటిలాగే వినకుండా, కాగితాలు చిట్టీలుగా కత్తిరించుకున్నాడు.

రెండేళ్ళ కిందట జనాభా లెక్కలవారు ప్రతి తలుపు మీదా తారుతో అంకె వేసి పోయారు. మొత్తం మూడువందల పన్నెండు గడపలు. అన్నిటినీ తిరగడం ఒక్క మనిషికి సాధ్యం కాదు. తనకు ఇష్టమైన ఇళ్ళను ఎంచుకుంటే అది పక్షపాతం అవుతుంది. కాబట్టి అంకెలన్నీ చిట్టీల మీద రాసి, రాగిబిందెలో వేసి, బాగా కలిపి, కళ్ళు మూసుకొని పన్నెండు తీయాలి. అందులోనూ తన చెయ్యి తీస్తే తన కోరిక వేళ్ళలోకి దిగవచ్చు. ఎటువంటి స్వార్థమూ లేని చెయ్యి కావాలి. సరిగ్గా అప్పుడే క్షౌరం చేయడానికి మంగలి మొగులప్ప వచ్చాడు.

"మొగులప్పా, కళ్ళు మూసుకొని ఇందులో నుంచి ఒక్కొక్క చిట్టీ తియ్యి."

"ముందుగాల గడ్డం గానియ్యి అప్పా, సబ్బు ఎండిపోతది."

చివరకు రెండు పనులూ ఒకేసారి నడిచాయి. మొగులప్ప రెండు గీతలు గీకి ఒక చిట్టీ తీసేవాడు. పంచాక్షరి అంకె చూసి రాసుకునేవాడు. మహాదేవప్ప ఇల్లు రాలేదు. మాణిక్యప్ప ఇల్లు వచ్చింది. చన్నమ్మ ఇల్లు వచ్చింది. పన్నెండో చిట్టీ మీద రెండువందల ఏడు అని ఉంది. అది తన ఇంటి అంకె. పంచాక్షరి కాసేపు దానివైపు చూసి, ఒకసారి లేచిన చిట్టీని తిరిగి బిందెలో వేయరాదు గనుక, గట్టిగా ఊపిరి తీసుకొని రాసుకున్నాడు.

"ఎందుకప్పా గీ చిట్టీలు?" అని మొగులప్ప అడిగాడు.

సావకాశంగా చెప్పాలంటే సమష్టి అంటే ఏమిటో, నమూనా అంటే ఏమిటో, గుడ్డిగా ఎంచడంలో న్యాయమేమిటో వివరించాలి. కాని ఆ క్షణంలో కత్తి కంఠం మీద ఉంది. పంచాక్షరి పెదవులు కదల్చకుండా, "ఏ ఇంటికి ఎందరు వస్తారో... సర్కారు పద్ధతి ప్రకారం లెక్క" అని మాత్రం అన్నాడు.

మొగులప్ప ఊళ్ళోకి పోయేటప్పుడు పద్ధతిని అక్కడే వదిలేసి, సర్కారును మాత్రం వెంట తీసుకుపోయాడు.

అవి లెవీ రోజులు. యుద్ధం పేరు చెప్పి, ఎవరి ఇంట్లో జొన్నలు ఎక్కువుంటే వాళ్ళ దగ్గర సర్కారు కొలిపించుకొని పోతున్న కాలం. మొగులప్ప ఆ ఉదయం గీసిన మొదటి గడ్డం దగ్గర అది ఉత్త లెక్కగానే ఉంది. రెండో గడ్డం దగ్గర, "వచ్చేటోళ్ళ లెక్క సర్కారుకు ఎందుకు?" అన్న ప్రశ్న పుట్టింది. మూడో గడ్డం దగ్గర జవాబు దొరికింది. సుట్టాలు వస్తున్నారంటే వాళ్ళకు పెడుతున్నట్టు. పెడుతున్నారంటే ఇంట్లో జొన్నలు ఉన్నట్టు. కొట్టు తాళం తీయించకుండానే గాదె లోతు తెలుసుకునే ఉపాయం! నాలుగో గడ్డం అయ్యేసరికి పంచాక్షరప్పను పట్నం సర్కారు పింఛను పేరు మీద ఊరికి పంపిందే ఇందుకని తేలిపోయింది.

ఈ సంగతి తెలియని పంచాక్షరి, మధ్యాహ్నం రెండు గంటలకు గొడుగు, పుస్తకం, రెండు పెన్సిళ్ళు పట్టుకొని మాణిక్యప్ప ఇంటికి వెళ్ళాడు. నడవలో ముగ్గురు కొత్త మనుషులు విస్తళ్ళ ముందు కూర్చొని జొన్నరొట్టె తింటున్నారు.

"మాణిక్యప్పా, ఇవాళ మీ ఇంటికి పని లేకుండా వచ్చినవారు ఎందరు?"

"ఎవ్వరు రాలేదప్పా."

"మరి వీరు?"

మాణిక్యప్ప వెనక్కి తిరిగి, వాళ్ళను మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. "వీళ్ళా? పని మీద వచ్చిండ్రు."

"ఏమి పని?"

మాణిక్యప్ప ఆలోచించాడు. ముగ్గురిలో పెద్దాయన నోట్లో ముద్ద అట్లాగే పెట్టుకొని, "తినే పని" అన్నాడు.

నిర్వచనంలో ఈ పరిస్థితిని ముందుగా ఊహించలేదు. పని అని వారే చెబుతున్నారు గనుక పంచాక్షరి సున్న పెట్టాడు.

చన్నమ్మ ఆయన గొడుగును వీధి మలుపులోనే చూసింది. కల్హేరు నుంచి వచ్చిన తమ్ముణ్ణి పట్టుకొని, జొన్నలు పోసుకునే వెదురుగుమ్మిలో దింపి పైన చాట మూసింది. గుమ్మి ఖాళీగా ఉండబట్టే మనిషి పట్టాడు. ఆ సంగతి సర్కారు చూస్తే ఆమెకే మేలయ్యేదని ఆమెకు తట్టలేదు.

"ఎవ్వరు రారప్పా మాకు. మాకెవలున్నరు? దిక్కులేనోళ్ళం" అని ఆమె కళ్ళొత్తుకుంది.

గుమ్మిలో తుమ్ము వినబడింది.

"అదేమిటి?"

"ఎలుక."

పంచాక్షరి సున్న పెట్టి, పక్కన 'ఎలుకలు ఎక్కువ' అని ఒక వివరం కూడా చేర్చాడు. ఆ పూట ఆయనకు కొంచెం హాయిగా అనిపించింది. దిక్కులేనివాళ్ళమని ఒక మనిషి తనంత తానే చెప్పగా వినడం ఆయనకు అదే మొదలు.

శుక్రవారం ఉదయం పార్వతీబాయి ఇంటి వంతు. లోపలి గదిలో ఆమె కూతుర్ని చూడడానికి కల్హేరు నుంచి మగపిల్లవాడి తరఫువారు నలుగురు వచ్చి కూర్చొని ఉన్నారు. ఫలహారం పళ్ళెం పట్టుకొని ఆమె లోపలికి పోబోతుండగా వాకిట్లో గొడుగు కనబడింది. పార్వతీబాయి పళ్ళెం కొంగు కింద దాచి, వీధివరకు వినబడేటట్టు, "మా ఇంటికి మనిషన్నోడు ఎవ్వడు రాలేదు. వచ్చెటట్టు గూడ లేడు" అంది.

లోపల చెప్పులు వెతుక్కునే చప్పుడు. పిల్లవాడి పెదనాన్న తలపాగా సరిచేసుకుంటూ బయటికి వచ్చాడు. "తెల్లారంగనే బండి కట్టుకొని నలుగురం వస్తే, మనిషన్నోడు రాలేదంటవా అమ్మా? మేము ఏమనుకున్నవ్? ఎద్దులమా?"

"అయ్యో, గా మాట మిమ్మల్ని కాదు, అన్నా! గా చిట్టీల అప్ప..."

బండి కదిలిపోయింది. పార్వతీబాయి పళ్ళెం చేత్తో పట్టుకొని దాని వెనుక నాలుగిళ్ళు పరుగెత్తి ఆగిపోయింది. అది ఏదో కుటుంబ విషయమని పంచాక్షరి మర్యాదగా పక్కకు తిరిగి, సున్న పెట్టుకున్నాడు.

శనివారం సాయంత్రానికి పదకొండు ఇళ్ళు పూర్తయ్యాయి. పదకొండు సున్నలు. మిగిలింది రెండువందల ఏడు. అందరినీ అడిగిన ప్రశ్న తనను అడగకపోవడం అన్యాయం కాబట్టి, పంచాక్షరి తన హాలులో కుర్చీలో కూర్చొని, "ఇవాళ మీ ఇంటికి పని లేకుండా వచ్చినవారు ఎందరు?" అని పైకి అడిగి, లేచి ఎదుటి కుర్చీలోకి మారి, "ఎవరూ రాలేదు" అని చెప్పి, తిరిగి మొదటి కుర్చీలోకి వచ్చి రాసుకున్నాడు. పన్నెండు ఇళ్ళ మొత్తం సున్న. సగటు సున్న. ఊరంతా తనలాంటిదే. ఎవరి ఇంటికీ ఎవరూ రారు. తనలో ఏ లోపమూ లేదు!

ఆయన ఆ సాయంత్రం రెండుసార్లు అన్నం వడ్డించుకున్నాడు.

మరునాడు అంగడి. ఈ శాస్త్రీయ సత్యాన్ని కళ్ళతో చూసి ఆనందించడానికి ఆయన వీధి వాకిట్లోకి వచ్చాడు. అంగడికి వచ్చిన పల్లెల జనం బేరాలు చేసుకొని, ఎవరి గడపా ఎక్కకుండా, తెచ్చుకున్న మూటలు విప్పి ఎండలోనే తింటున్నారు. ఒకరినొకరు చూసి పలకరించబోయి, అటూ ఇటూ చూసి, ముఖం తిప్పుకుంటున్నారు. మహాదేవప్ప అరుగు మీద ఒక్క పురుగు లేదు. మహాదేవప్ప మాత్రం ఒక ధోవతి మడత విప్పి, మళ్ళీ మడిచి, మళ్ళీ విప్పుతున్నాడు.

ఆ అరుగు ఖాళీగా ఉండడం పంచాక్షరి ఏడాదిన్నరలో చూడలేదు. అది పన్నెండు ఇళ్ళలో లేని ఇల్లు. దానికి సున్నతో పని లేదు. ఏదో సంఖ్య పంటి కింద రాయిలా తగిలింది. ఆయన వీధి దాటాడు.

"మహాదేవప్పా, మీ వాళ్ళంతా ఏరీ?"

మహాదేవప్ప తల ఎత్తలేదు. "నాతోటి మాట్లాడకు అప్పా. నాకు ఎవ్వరు రారు. రాసుకో."

"మీ ఇల్లు లెక్కలో లేదు."

"లేకపోతే రేపు లేస్తది చిట్టీ. సుట్టాలు వచ్చే ఇంట్ల జొన్నలు మస్తుగున్నయని నువ్వు లెవీకి రాసిస్తున్నవంట గద. ఊరంత పరేషానైతుంది. నేనే అందర్ని ఎల్లగొట్టిన, నా అరుగు దిక్కు రాకుండ్రి అని."

పంచాక్షరికి అప్పుడు తెలిసింది. తాను కొలిచింది ఊరి ఏకాంతాన్ని కాదు. తన గొడుగును చూసి ఊరు పడిన భయాన్ని. మాణిక్యప్ప ఇంట్లో తినే పని, గుమ్మిలో తుమ్మిన ఎలుక, కల్హేరు బండి, అన్నీ వరుసగా వచ్చి ఆయన ముందు నిలబడ్డాయి. పదకొండు సున్నలూ ఆయన పుట్టించినవే. పుస్తకంలో సొంతంగా పుట్టిన సున్న ఒక్కటే, రెండువందల ఏడుది.

మహాదేవప్ప ధోవతి పక్కకు విసిరేశాడు. "మూడు రోజులాయె అప్పా, మాట్లాడ మనిషి లేడు. పిచ్చి లేస్తున్నది. ఈ గోడ, ఈ గుడ్డలు. నువ్వెట్లుంటవ్ రోజు?"

పంచాక్షరి గొడుగు తెరిచి, ఎండ లేని వైపు పట్టుకొని ఇంటికి నడిచాడు.

సోమవారం తెల్లవారి, ఊళ్ళోకి వెళ్ళి ఇంటింటా నిజం చెప్పి రావాలని ఆయన చెప్పులు వేసుకుంటున్నాడు. ఇంతలో ఊరే వచ్చింది. ముందు చన్నమ్మ, వెంట రుజువు కోసం ఖాళీ గుమ్మిని మోసుకొని ఆమె తమ్ముడు. తరువాత మాణిక్యప్ప, ఆ ముగ్గురు సుట్టాలు. పార్వతీబాయి. ఆ వెనుక చిట్టీ లేచినవారు, లేవనివారు, లేస్తుందేమోనని భయపడేవారు. చివరకు ఏమి జరుగుతుందో చూడడానికి మొగులప్ప. ఎనిమిది కుర్చీల హాలు క్రిక్కిరిసిపోయింది. కుర్చీలు సర్కారు మనుషులవని ఎవరూ వాటి జోలికి పోక, అందరూ నేల మీద కూర్చున్నారు. పంచాక్షరి అలవాటు కొద్దీ తలలు లెక్కపెట్టాడు. నలభై మూడు. ఆయన గుండె ఒక్కసారి ఎగిరి, ఆయన అనుమతి లేకుండా కొంత సేపు అక్కడే ఉండిపోయింది.

"అప్పా, చూడు, గుమ్మి అడుగు కనబడుతున్నది" అని చన్నమ్మ గుమ్మిని హాలు మధ్య బోర్లించింది. తమ్ముడు తుమ్మాడు.

"నా పేరు కొట్టెయ్యి" అని మాణిక్యప్ప.

"నాది కొట్టేస్తే ఊరుకోను. నాది రాయి!" అని పార్వతీబాయి లేచి నిలబడింది. "కల్హేరోళ్ళు నలుగురు మా ఇంటికి వచ్చిండ్రని రాసి, నీ దస్తకత్ పెట్టి ఇయ్యి. నీ లెక్క మూలంగ నా బిడ్డ సంబంధం చెడిపాయె."

"అందరూ వినండి" అని పంచాక్షరి చెయ్యెత్తాడు. "ఇది లెవీ కోసం కాదు. సర్కారుకు దీనితో ఏ సంబంధమూ లేదు."

"మరి దేనికి?"

నలభై మూడు ముఖాలు ఆయన వైపు తిరిగాయి. పంచాక్షరి మాటల కోసం నిర్వచనంలో వెతికాడు, అక్కడ లేవు. దినచర్య పుస్తకంలో పూర్తి చేయని వాక్యం ఒకటుంది. దాన్నే చివరకు పూర్తి చేశాడు.

"నా ఇంటికి ఎవరూ రారు. అందరిళ్ళకూ అంతేనా, నా ఒక్కడికేనా, తెలుసుకుందామని."

చన్నమ్మ బుగ్గన వేలు పెట్టుకుంది. "గింత దానికి చిట్టీలు, పుస్తకం ఎందుకప్పా? అడిగితే మేమే చెప్తుంటిమి గద. నీ ఒక్కని ఇంటికే రారు."

"వస్తే ఏం లాభం?" అన్నాడు మాణిక్యప్ప. "కూసున్నకాడ లెక్క తప్పంటవు. వెయ్యిసార్లంటే వెయ్యా? మనిషి కోపమొస్తే వెయ్యంటడు, సంతోషమొస్తే లక్షంటడు. నువ్వేమో ఏడంటివి."

"ఏడే" అని పంచాక్షరి నాలుక చివరిదాకా వచ్చింది. మింగాడు. ఆయన జీవితంలో మింగిన మొదటి సంఖ్య అది.

పార్వతీబాయి అడిగిన కాగితం రాసి, కల్హేరు నుంచి వచ్చిన నలుగురూ నిస్సందేహంగా మనుషులేనని ధ్రువపరిచి, దస్తకత్ చేసి ఇచ్చాడు. ఆమె దాన్ని రెండుసార్లు చదివించుకొని, కొంగున ముడివేసుకుంది. రాగిబిందెలోని చిట్టీలన్నీ అందరి ముందూ పొయ్యిలో వేశాడు. లెవీ భయం తీరడంతో జనం లేచారు. ఒకరికి పొలం పని, ఇంకొకరికి దుకాణం. ఒక చెంబు నీళ్ళు తాగి పొమ్మని ఆయన అనబోయేలోగా హాలు సగమైంది. అన్న తరువాత మొత్తం ఖాళీ అయింది. పావుగంటలో మహాదేవప్ప అరుగు మీద మూడు రోజుల నవ్వులన్నీ ఒకేసారి మొదలయ్యాయి. వాటి మధ్య "తినే పని" అన్న మాట రెండుసార్లు వినబడింది.

పంచాక్షరి పుస్తకం తెరిచాడు. తేదీ వేశాడు. నలభై మూడు అని రాయబోయి ఆగాడు. నిర్వచనం నిర్వచనమే. ఎట్టి పనియు లేక వచ్చిన వ్యక్తి. ఈ నలభై ముగ్గురిలో పని లేకుండా వచ్చినవాడు ఒక్కడూ లేడు. మొగులప్ప కూడా కబురు మోసుకుపోయే పని మీదనే వచ్చాడు. ఆయన పెన్సిలు మొన సరిచూసుకొని, సున్న గుండ్రంగా చుట్టడం మొదలుపెట్టాడు.

"ఏం రాస్తున్నవప్పా?" అంది హన్మమ్మ. గడప లోపల గోడకు ఆనుకొని, చెంబు పక్కన పెట్టుకొని కూర్చుంది. ఆమె ఎప్పుడు వచ్చి కూర్చున్నదో ఆయన గమనించలేదు, ఎప్పుడూ గమనించలేదు.

"ఇవాళ సందర్శకులు ఎవరూ లేరని."

"నలభై మంది వస్తిరి గదా!"

ఆయన ఓపికగా నిర్వచనం చదివి వినిపించాడు. గడప దాటడం, కూర్చోవడం, చెంబు నీళ్ళు, పని లేకపోవడం. హన్మమ్మ చెంబు వైపు చూసింది. గడప వైపు చూసింది.

"గట్లయితే నేనెవలు?"

"నువ్వు పని మీద వస్తావు."

"పని ఎప్పుడో అయిపాయె. బాసన్లు బోర్లిచ్చి గంటైంది. గింతసేపు ఈడ దేనికి కూసుంటనని అనుకుంటున్నవ్? మా ఇంటికి పోతే మాట్లాడ ఎవలున్నరు? నువ్వు మాట్లాడకున్నా మంచిదే, ఓ మనిషి ముందట కనబడుతుంటడు." కొంగుతో మూతి తుడుచుకుంది. "నువ్వు వింటలేవని నాకెరుకే. అయినా చెప్తనే ఉంట."

పంచాక్షరి చేతిలో సున్న సగం చుట్టి ఆగిపోయింది. పుస్తకం మొదటి పుట నుంచి తిప్పాడు. ఏడాదిన్నర. ప్రతి రోజూ గడప లోపల ఒక గంట. గడప దాటింది, కూర్చుంది, నీళ్ళు తాగింది, పని లేకనే ఉంది. నిర్వచనంలో ఒక్క అక్షరం తప్పిపోకుండా ఐదువందల రోజులు ఒక సందర్శకురాలు వచ్చింది. లెక్కలో నిపుణుడైన మనిషి ఐదువందల సార్లు సున్న పెట్టాడు. దఫ్తరులో ఇంత పొరపాటు చేసిన గుమాస్తాను ఆయన మూడు జిల్లాల అవతలికి బదిలీ చేయించేవాడు.

"నువ్వు మనూరు పోయినది ఎప్పుడు?" అని అడిగాడు.

"బిడ్డ కాన్పుకు. శ్రావణంల. తొమ్మిది రోజులు."

ఆ తొమ్మిది సున్నలను ఉన్నచోటనే ఉంచాడు. అవి నిజమైనవి. మిగిలినవాటిని ఒక్కొక్కటే కొట్టివేసి, పక్కన 'ఒకటి' అని రాసుకుంటూ పోయాడు. తరువాత లేచి, మూడో కుర్చీకి కట్టిన గోనెపట్టా విప్పాడు. ఏడాదిన్నర నాటి ముడి. విప్పడానికి పళ్ళు కూడా పట్టవలసి వచ్చింది.

"అమ్మో, నేను కూసోనప్పా గా దాని మీద. పడిపోత" అంది హన్మమ్మ.

ఆయన కాసేపు నిలబడి ఆలోచించి, కుర్చీని వదిలి, పుస్తకం పట్టుకొని ఆమెకు ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. "సరే. అలిగిన కోడలు తిరిగి వచ్చిందా?" అన్నాడు.

"ఎక్కడిది? వెయ్యిసార్లు పిలిచిండ్రు అప్పా!"

పంచాక్షరి పెన్సిలు కదలలేదు. "వెయ్యిసార్లా!" అన్నాడు.

ఆ సాయంత్రం ఆయన సవరించిన పట్టికను శుభ్రంగా తిరగరాసి, అడుగున సగటు కూడా తీశాడు: ఒకటికి స్వల్పంగా తక్కువ. నమూనా మరీ చిన్నదని శాస్త్రం ఆక్షేపించవచ్చు, పంచాక్షరి ఆక్షేపించలేదు.